కాలు తీయడమూ డ్రైవింగే

ఫార్ములా వన్ డ్రైవర్లలో సెన్నా గొప్పా, ప్రోస్ట్ గొప్పా అన్న పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. 1988, 89ల్లో ఇద్దరూ మెక్‌లారెన్‌ జట్టులోనే ఉన్నారు. అవతలివాడి కారు మంచిది కాబట్టి గెలిచాడని చెప్పుకునే వీలు ఎవరికీ లేదు.

సెన్నా అభిమానులు ముందుగా చూపించేది 1988 మొనాకో క్వాలిఫయింగ్. అదే కారు, అదే హోండా ఇంజిన్, అవే ఇరుకు వీధులు. ప్రోస్ట్ కంటే సెన్నా 1.427 సెకన్లు ముందున్నాడు. వెయ్యో వంతు సెకను కోసం కొట్టుకునే ఆటలో ఇది ఏ లెక్కకీ అందని తేడా. మర్నాడు రేసులో ఏం జరిగిందో మాత్రం వాళ్లు గబగబా చెప్పేస్తారు. దాదాపు 50 సెకన్ల ఆధిక్యంలో ఉండగా, వెనక ఎవరూ తరమకుండానే, 67వ ల్యాప్‌లో పోర్టియర్ మలుపు దగ్గర సెన్నా తనంతట తానే రెయిలింగ్‌కి కొట్టేశాడు. గెలిచింది ప్రోస్ట్.

సెన్నా విద్య అంతా కుడికాలిలో ఉంది. మలుపు మధ్యలో మిగతావాళ్లు యాక్సిలరేటర్‌ని మెల్లగా ఒకే తీరున నొక్కుకుంటూ పోతే, అతను టకటకా నొక్కుతూ వదులుతూ ఉండేవాడు. టర్బో ఇంజిన్ కాలు వేసిన వెంటనే పలకదు, కాస్త ఆగి ఒక్కసారిగా తన్నుతుంది. ఆ తాళంతో టర్బో చల్లారకుండా తిరుగుతూనే ఉండేది. వెనక టైర్లకు ఇంకెంత పట్టు మిగిలిందో కూడా పాదానికి తెలిసేది. పాత రికార్డింగులు పెట్టి బొమ్మ చూడకుండా ఇంజిన్ మోత మాత్రమే వినండి, నడిపేది ఎవరో చెప్పేయొచ్చు.

ప్రోస్ట్‌లో వినడానికి ఏమీ లేదు, చూడటానికి ఇంకా తక్కువ. బ్రేకు మెత్తగా పడుతుంది, స్టీరింగ్ అవసరమైనంతే తిరుగుతుంది, కారు తోక ఊపదు. తిరుమల ఘాట్ రోడ్డు మీద ప్రయాణికుల నిద్ర చెడకుండా బస్సు దించే ఆర్టీసీ డ్రైవర్‌ని ఎవరూ పొగడరు, అలాంటి నేర్పు ఇది. శనివారం పోల్ (క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం) కోసం ప్రాణం పెట్టేవాడు కాదు. ఆదివారం నిండు ట్యాంకుతో కారు ఎలా నడవాలో దాని మీదే ధ్యాస. సెన్నాకి 65 పోల్స్, 41 విజయాలు. ప్రోస్ట్‌కి 33 పోల్స్, 51 విజయాలు. అతను ఎక్కువ రేసులు ఆడాడు, నిజమే. అయినా ఆ రెండు జతల అంకెల్లో ఇద్దరి స్వభావాలూ ఉన్నాయి.

అలాగని పొదుపంతా ప్రోస్ట్‌దే అనుకుంటే తప్పు. 1988లో టర్బో కార్లకు రేసుకి 150 లీటర్ల పెట్రోలే అన్నారు. లెక్కప్రకారం అది ‘ప్రొఫెసర్’ అని పేరుపడ్డ ప్రోస్ట్ పంట పండాల్సిన ఏడాది. అదే 150 లీటర్లతో సెన్నా 8 రేసులు గెలిచాడు, ప్రోస్ట్ 7. మొత్తం పాయింట్లు ప్రోస్ట్‌కి 105, సెన్నాకి 94. కానీ ఉత్తమమైన 11 ఫలితాలే లెక్కలోకి తీసుకోవడంతో 90-87 తేడాతో కిరీటం సెన్నాకి వెళ్లింది. ఫినిష్ చేసిన ప్రతి రేసులో ఒకటో రెండో స్థానంలో ఉన్న మనిషి ఓడిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వాన విషయంలో మాత్రం నా ఓటు సెన్నాకే. 1993 డోనింగ్టన్‌లో మొదటి ల్యాప్‌లోనే అయిదో స్థానం నుంచి ముందుకొచ్చేశాడు. అంతకంటే మంచి విలియమ్స్ కారులో ఉన్న ప్రోస్ట్ టైర్ల కోసం ఏడుసార్లు ఆగి, ఒక ల్యాప్ వెనకబడి మూడో స్థానంలో తేలాడు. వానలో ప్రోస్ట్ జాగ్రత్తని పిరికితనం అంటే మాత్రం ఒప్పుకోను. 1982లో హోకెన్‌హైమ్ వానలో, నీటి తుంపర్లలో ముందేముందో కనబడక పిరోనీ అనే డ్రైవర్ ఫెరారీ వచ్చి గుద్దింది ప్రోస్ట్ కారునే. పిరోనీ కాళ్లు నుజ్జయ్యాయి, మళ్లీ ఫార్ములా వన్ ఆడలేదు. 1989 అడిలైడ్ కుండపోతలో ప్రోస్ట్ ఒక్క ల్యాప్ తిరిగి కారు దిగిపోయాడు. అదే రేసులో సెన్నా తుంపర్లలో ముందున్న బ్రండిల్ కారుని వెనక నుంచి గుద్దాడు. ఎవరి లెక్క సరైనది?

ఈ పంచాయితీ నాకు మళ్లీ గుర్తొచ్చింది 2023 ఫిబ్రవరిలో. హుస్సేన్‌సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల పోటీ ఫార్ములా ఈ చూస్తుంటే పక్కసీటు కుర్రాడు విసుక్కున్నాడు: “అంత దగ్గరకొచ్చి కూడా దాటడేంటండీ?” బ్యాటరీ దాచుకుంటున్నాడు బాబూ అన్నాను. అతనికి నచ్చలేదు. ఆ పోటీలో గెలవాలంటే స్ట్రెయిట్ అయిపోకముందే కాలు తీయడం రావాలి. ఫార్ములా ఈ మొదటి మూడు సీజన్లలో జట్టు టైటిల్ గెలిచింది రెనో ఈ-డామ్స్. దాన్ని పెట్టినవాళ్లలో ఒకడు అలన్ ప్రోస్ట్.