ఆఖరి ఏడక్షరాలు

ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతక పద్యాల్లో సిగ్గుకు ఎంత ధైర్యం! రాజసేవ నరకమని మండిపడే ఈ 16వ శతాబ్దపు కవి శ్రీకృష్ణదేవరాయల కొలువులో మన్ననలు పొందినవాడని ప్రతీతి. కాంతల మీద, కనకం మీద ఆయన ఏవగింపులో ఆ రెండింటి రుచీ ఇంకా నాలుకను వదలని తడి ఉంది. ఒకచోట తన్ను తానే నిలదీసుకుంటాడు. రోశానన్నది నిజంగా రోశానా, చేశానన్నది నిజంగా చేశానా అని తడిమి చూసుకుంటే చేతికి మిగిలేది శూన్యం. భక్తుడు తన వైరాగ్యాన్నే అనుమానించుకున్న ఆ క్షణం ఎంత నగ్నమైనది, ఎంత సుందరమైనది!

అంత కుంగిన గొంతు కూడా చివరికి ఎక్కడికి చేరుతుందో వినండి. శార్దూలం కానివ్వండి, మత్తేభం కానివ్వండి, పద్యంలో ఆఖరి ఏడక్షరాలను ఆయన ముందే స్వామికి రాసిచ్చేశాడు: శ్రీకాళహస్తీశ్వరా! పై పాదాల్లో కోపం బుసకొట్టవచ్చు, ఆశ వెక్కిరించవచ్చు, బుద్ధి ఓడి చతికిలబడవచ్చు. నాలుగో పాదం మలుపు తిరిగేసరికి ఆ పేరు అక్కడ ఉండనే ఉంటుంది. ఆ చివరి దీర్ఘం మీద గొంతు ఆగి, సాగి, కరిగి, ఊపిరి మొత్తం ఆయనకే అప్పగిస్తుంది. ఆహా, పతనమెంతైనా పిలుపు తప్పని ఛందస్సు!

ఆ పేరులో ఎవరున్నారు? సాలెపురుగు, పాము, ఏనుగు. వీళ్ల కథ ధూర్జటే కాళహస్తి మాహాత్మ్యంలో మనసారా చెప్పాడు. స్వామికి గూటితో గుడి అల్లిన సాలీడు, దీపం ఆ గూటిని కాల్చేస్తే ఆగ్రహంతో మంటనే మింగబోయింది. పాము మణులు పెడితే ఏనుగు తోసేసి నీళ్లూ పత్రీ పెట్టింది. పగబట్టిన పాము తొండంలో దూరింది. చివరికి రెండూ స్వామి ఎదుటే ప్రాణాలు విడిచాయి. పూజగా మొదలై పోట్లాటగా తెగిపోయిన భక్తి! శాంతం లేదు, సహనం లేదు, శాస్త్రం అసలే లేదు. అయినా స్వర్ణముఖీ తీరాన వెలసిన వాయులింగమూర్తి వాళ్లను కడుపులో పెట్టుకుని, వాళ్ల పేర్లనే తన పేరుగా ధరించాడు. ఎంత దయ, ఎంత దొడ్డ మనసు!

అందుకే సాలీడు ఏ వేదం చదివింది, పాము ఏ శాస్త్రం చూసింది, బోయ తిన్నడు ఏ మంత్రం జపించాడు అని ధూర్జటి అడిగే పద్యం నా ప్రాణానికి అన్నిటికన్నా దగ్గరిది. పైకది తర్కం, లోపల గారం. తిన్నడు పెట్టిన ఎంగిలి మాంసం ఆరగించినవాడు, అతడు తన కన్ను పెకలించి పెట్టేందుకు ఆనవాలుగా చెప్పుకాలు ముఖాన మోపినా సహించినవాడు, నన్ను మాత్రం కాదంటాడా అన్న చనువు!

ఈ శతకాన్ని వైరాగ్య శతకమని అంటుంటారు. నాకు మాత్రం ఇందులో విరక్తి కన్నా అనురక్తే ఎక్కువ వినిపిస్తుంది. బాగుపడి వస్తానని ధూర్జటి గడువు అడగడు. మనసు మళ్లీ జారుతుందని తెలుసు, తర్వాతి పద్యంలోనే జారుతుంది కూడా. మళ్లీ అదే ఏవగింపు, మళ్లీ అదే ఆర్తి, మళ్లీ అదే పేరు. కళ్లతో చదివి ఊరుకోకండి, గొంతెత్తి పాడండి. నాలుగైదు పద్యాలు దాటేసరికి, తిట్టుకునే మాటల్లో కూడా ఆయన స్వామితోనే ముచ్చటిస్తున్నాడని మీ చెవికే తెలుస్తుంది.