బరువు లేని గద

భీముడి గదను దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. ఊళ్లో పద్యనాటకం ఆడుతుంటే దాన్ని భుజాన వేసుకుని భీముడు ఒక్క అడుగు వేస్తాడు. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు కాళ్లు ముడుచుకుంటారు. రంగం మారగానే అదే గద సైడు వింగులోకి వస్తుంది. అక్కడ నిలబడ్డ ఆరేళ్ల కుర్రాడు ఒంటిచేత్తో అందుకుని గోడకు ఆనిస్తాడు. తూచి చూస్తే అరకిలో ఉండదు. లోపల వెదురు బొంగు, దాని మీద పాత దినపత్రికలు, పైన బంగారు రంగు. దుర్యోధనుడి తొడ విరగ్గొట్టిన ఆయుధం అసలు సంగతి అదీ.

మరి ఆ బరువు మన కళ్లకు ఎక్కణ్నుంచి వచ్చింది? సగం నటుడి నడకలోంచి వచ్చింది. మిగతా సగం గద చేసినవాడు పెట్టాడు. పిడి సన్నగా, గుండు పెద్దగా చేశాడు. గుండు కింది సగానికి ముదురు రంగు పూశాడు. దూరం నుంచి చూసే కంటికి అక్కడ నీడ పడ్డట్టుంటుంది, నీడ పడ్డ వస్తువు బరువైనదని కన్ను నమ్ముతుంది. నాటకానికి సామాన్లు చేసేవాళ్ల మొదటి పాఠం ఇదే. కంటికి బరువుండాలి, చేతికి తేలికుండాలి.

ఈ తెలివి నిన్నమొన్నటిది కాదు. భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం అని నాలుగుగా పంచింది. ఆహార్యంలో వేషం, నగలు, ముఖానికి వేసే రంగులతో పాటు వేదిక మీది వస్తువులనూ చేర్చింది. కొండలు, రథాలు, విమానాలు, డాళ్లు, ఏనుగులు, ఇలా ఉన్నట్టు చూపించాల్సినవాటికి అక్కడ 'పుస్తం' అని పేరు. చాపలు, గుడ్డలు, తోళ్లు జోడించి కట్టేది సంధిమం. యంత్రంతో కదిలేది వ్యాజిమం. గుడ్డ చుట్టి తయారుచేసేది వేష్టిమం. ఆయుధాలను ఇనుముతో చెయ్యొద్దని, బరువు నటుణ్ణి అలసగొడుతుందని కూడా ఆ శాస్త్రం చెబుతుంది. కర్ర, తోలు, గుడ్డ, లక్క, వెదురు వాడమంటుంది. బరువు నగలతో ఎక్కువసేపు ఆడితే నటుడు సొమ్మసిల్లుతాడని హెచ్చరిస్తుంది. మన ఊళ్లో ప్రాపర్టీలు, అంటే నాటకం సామాన్లు, చేసే మనిషి ఆ గ్రంథం చదివి ఉండడు. ఒకసారి రేకు కిరీటం పెట్టుకుని మూడు గంటలు పద్యాలు పాడిన కృష్ణుడికి నుదుటి మీద పడ్డ గాటు చూసి నేర్చుకున్నాడు.

గద చేసే తీరు చూద్దాం. ముందు ఒక మట్టికుండ బోర్లిస్తారు. దాని మీద తడి కాగితం ఒక పొర వేస్తారు, అది కుండకు అంటుకోదు. ఆపైన జిగురు పూసిన కాగితం ముక్కలు అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస అంటిస్తారు. జిగురు మైదాపిండిది కావచ్చు, చింతగింజల పిండిది కావచ్చు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. ఏడెనిమిది పొరలయ్యాక నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైపొర ముందే బిగుసుకుని చీలుతుంది. ఆరాక నడిమికి కోసి కుండ తీసేస్తారు. రెండు చిప్పలను మళ్లీ కలిపి, మధ్యలోంచి వెదురు బొంగు దించి, కీలు మీద గుడ్డపీలిక అతికిస్తారు. గద మీది ఉబ్బెత్తు గీతలు జిగురులో తడిపిన నులకతాడుతో వేసినవే. నిజానికి ఇందులో మన ఇళ్లకు తెలియని విద్య లేదు. చేటలకూ గంపలకూ మెంతులు నూరి కలిపిన కాగితం గుజ్జు అలికిన నాయనమ్మలు ఈ పనిలో సగం ఎప్పుడో చేసేశారు. చేర్యాల కళాకారులు రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి ముఖాల బొమ్మలు చేసేదీ ఈ దారిలోనే.

కిరీటానికి అట్ట, భుజకీర్తులకు తేలిక చెక్క, మెరుపుకు తగరపు కాగితం, అద్దం బిళ్లలు. ఇక్కడా ఒక లెక్క ఉంది. కిరీటమంతా మెరిస్తే దీపాల వెలుతురులో అది ఒక తెల్లటి మచ్చలా కనబడుతుంది, ముఖం మరుగున పడుతుంది. అందుకే చేయి తిరిగినవాడు మెరిసే బిళ్లకూ బిళ్లకూ మధ్య నల్లగానో ఎర్రగానో చోటు వదులుతాడు. రంగు వేసిన వస్తువును పగటి వెలుగులో చూసి సరే అనుకోడు. రాత్రి పెట్టే బల్బు కిందే చూస్తాడు. పసుపు దీపం కింద లేత పసుపు తెల్లబోతుంది, ఆకుపచ్చ దీపం కింద ఎరుపు నల్లబడుతుంది. ఇంటి దగ్గర నెత్తురులా కనిపించింది వేదిక మీద బురదలా తేలితే ఆ సీను అక్కడితో సరి.

భరతుడు చెప్పిన మూడు రకాలనూ ఒకే చోట చూడాలంటే సురభివాళ్ల నాటకానికి వెళ్లాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో మొదలుపెట్టిన కుటుంబ నాటకం అది. తోలుబొమ్మలాడిన చేతులే వేదిక ఎక్కాయి. బొమ్మను ఎక్కడ పట్టుకుంటే కదులుతుందో, దీపం ఎక్కడ పెడితే నీడ ఎంత పెరుగుతుందో తెలిసిన చేతులు. అందుకే ట్రిక్ సీన్లు వాళ్ల సొత్తయ్యాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. 'మాయాబజార్'లో లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. రెండు బాణాలు గాలిలో ఎదురెదురై నిప్పులు కక్కుతాయి. వీటి వెనక ఉన్నవి తీగ, కప్పీ, నల్లదారం, నల్లతెర. నల్లతెర ముందు నల్లదారం కనబడదు. దారం లాగే మనిషికి పాట తాళం తెలిసి ఉండాలి, అంతే. వాళ్లలో ఆ మనిషి గత సీనులో మంత్రి, వచ్చే సీనులో రాక్షసుడు. తెర ముందు, తెర వెనక అని రెండు జాతులు ఆ కుటుంబాల్లో లేవు. సురభి నాటక సమాజాల్లో ఒకదాన్ని నడిపిన సురభి బాబ్జీ, అసలు పేరు రేకందార్ నాగేశ్వరరావు, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ గౌరవంలో తాడు లాగినవాళ్ల వాటా కూడా ఉంది.

తెరల సంగతి వేరే చెప్పాలి. దర్బారు తెర, అంతఃపురం తెర, అడవి తెర, వీధి తెర, కైలాసం తెర. ఈ అయిదూ పెట్టెలో ఉంటే కంపెనీకి సగం పురాణాలు చేతిలో ఉన్నట్టే. ముతక గుడ్డకు జిగురు పట్టించి, వజ్రం అనే బంక కాచి అందులో కలిపిన రంగుపొడులతో రాసేవారు. దర్బారు తెరలో స్తంభాలు లోపలికి పోయేకొద్దీ పొట్టివవుతాయి. పక్క వింగుల మీదా అవే స్తంభాలు అదే కొలతలో తగ్గుతూ వస్తాయి. పదిహేను అడుగుల లోతున్న వేదిక నూరు గజాల సభలా కనిపించేది అందువల్లే. అయితే రాజు ఆ తెరకు మరీ దగ్గరగా వెళ్లకూడదు. వెళితే స్తంభం కన్నా రాజే పొడుగు.

వీధి తెరకు ఇంకో పని ఉంది. అది వేదిక ముందు భాగంలో పడుతుంది. దాని ముందు ఇద్దరు హాస్యగాళ్లు మాట్లాడుకుంటుంటే వెనక చప్పుడు కాకుండా అడవిని విప్పేసి అంతఃపురం కడతారు. పాత నాటకాల్లో గంభీరమైన రెండు రంగాల నడుమ నవ్వుల సీను ఎందుకొచ్చి పడుతుందా అని అనుకునేవాళ్లకు సగం జవాబు ఇక్కడుంది. సింహాసనం మోసుకురావడానికి టైము కావాలి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైంది 'భక్త ప్రహ్లాద'లో స్తంభం. ఇది నిలువునా రెండు చెక్కలు. వెదురు బద్దల చట్రం, మీద గుడ్డ, గుడ్డ మీద రాతి రంగు. వెనక మడతబందులు, ఒక్క గడియ. లోపల నరసింహుడు సీను మొదలైనప్పటి నుంచి ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉంటాడు. హిరణ్యకశిపుడు గద ఎత్తి కొట్టిన క్షణంలో వెనక మనిషి గడియ లాగాలి, ఇంకో మనిషి గుగ్గిలం పొడి మంట మీద చల్లాలి, మూడో మనిషి రేకు ఊపి ఉరుము తెప్పించాలి. ముగ్గురూ ఒకరికొకరు కనబడరు. ముగ్గురి కళ్లూ ఆ గద మీదే. ఒక్క క్షణం ముందు గడియ ఊడితే దేవుడు పిలవకుండా వచ్చినట్టు, ఒక్క క్షణం ఆలస్యమైతే హిరణ్యకశిపుడి మాటే నెగ్గినట్టు.

ఇంత మాయ లేని నాటకాల్లోనూ వస్తువు కథను మోస్తుంది. రెండు మంచాల కథ చెబుతాను. తిరుపతి వేంకట కవుల నాటకంలో పడక సీను తెలియని తెలుగువాడు లేడు. కృష్ణుడు పడుకుని ఉంటాడు, దుర్యోధనుడు తలవైపు, అర్జునుడు కాళ్లవైపు కూర్చుంటారు. కళ్లు తెరిచినవాడికి ముందు కాళ్లవైపు మనిషే కనిపించాలి. కురుక్షేత్రమంతా ఆ చూపు మీద ఆధారపడి ఉంది. అంటే మంచం ఏ కోణంలో వేయాలి, దిండు ఎంత ఎత్తుండాలి, దుర్యోధనుడి ఆసనం ఎంత వెనక్కి జరపాలి అన్నవి సామాన్లు సర్దేవాడి లెక్కలు. దిండు పల్చనైతే కృష్ణుడికి ముందు పైకప్పే కనిపిస్తుంది.

రెండో మంచం గురజాడ 'కన్యాశుల్కం'లో మధురవాణి ఇంట్లోది. దాని కింద రామప్పంతులు దూరతాడు, ఆ తర్వాత పూటకూళ్లమ్మకు భయపడి గిరీశమూ దూరతాడు. ఇద్దరు పెద్దమనుషులు పట్టాలి, వాళ్ల ముఖాలు ప్రేక్షకులకు కనబడాలి, పూటకూళ్లమ్మ చీపురుకట్ట లోపలికి పోవాలి. దుప్పటి నేల దాకా వేలాడితే నవ్వు పోయె. మరీ పైకి ఉంటే దాక్కోవడంలో అర్థం పోయె. జానెడు తేడాలో గురజాడ హాస్యం బతకడమో చావడమో తేలుతుంది.

చదువుకునే రోజుల్లో నాటక పరిషత్తు పోటీలకు వెళ్లే ఒక బృందంలో ప్రాపర్టీలు చూసే పని నాకు అప్పజెప్పారు. నటన రాదని తేల్చాక మిగిలిన పని అది. ఒక ఊళ్లో పోటీ రోజు, తండ్రి రాసిన ఆఖరి ఉత్తరాన్ని కొడుకు బల్ల మీంచి తీసి చదవాలి. బల్ల మీద ఉత్తరం లేదు. అది నా చొక్కా జేబులో ఉంది. వింగులో నిలబడి నేను జేబు తడుముకుంటుంటే, ఆ నటుడు ఒక్క క్షణం బల్ల వైపు చూసి, తన జేబులోంచి బస్సు టికెట్ తీసి మడత విప్పి, కళ్లనీళ్లతో ఉత్తరమంతా చదివాడు. హాలు నిశ్శబ్దమైపోయింది. నాటకం అయ్యాక అతను నన్ను ఒక్క మాటా అనలేదు. మా బృందం పెద్దాయన మాత్రం పిలిచి, "బాబూ, వాడు మంచి నటుడు కాబట్టి నువ్వు బతికావు. వాడు కాస్త తక్కువ నటుడైతే నీ జేబే ఆ కుటుంబాన్ని చంపేది" అన్నాడు.

మర్నాడు ఆయనే నాకు పని నేర్పాడు. వింగులో ఒక బల్ల వేసి దాని మీద తెల్లకాగితం పరిచాడు. కళ్లజోడు, చెంబు, కత్తి, ఉత్తరం, ఒక్కో వస్తువూ పెట్టి చుట్టూ పెన్సిలుతో గీత గీసి లోపల పేరు రాశాడు. వేదిక మీదికి వెళ్లిన వస్తువు గీత ఖాళీగా కనబడుతుంది, తిరిగొచ్చింది నిండుతుంది. చీకట్లో కూడా ఒక్క చూపుతో లెక్క తేలుతుంది. ముఖ్యమైన ప్రతి వస్తువుకూ రెండోది ఉండాలన్నాడు. పగలాల్సిన కుండకు ముందే లోపల గాటు పెట్టాలి, తాగాల్సిన గ్లాసును నీళ్లు పోసి చూసుకోవాలి, కుర్చీలో ముందు తాను కూర్చుని చూడాలి. నటుడు వేసే ప్రతి అడుగూ వెనక ఉన్నవాడు ముందే వేసి ఉండాలి. ఇదే ఆయన సిద్ధాంతం.

ఇప్పుడు వేదిక వెనక ఎల్‌ఈడీ తెర వస్తోంది. మీట నొక్కితే కైలాసం, ఇంకోసారి నొక్కితే హస్తినాపురం. లారీ కిరాయి మిగులుతుంది, పొద్దుగూకేలోపు సెట్టింగు కట్టాలన్న తొందర ఉండదు. దాన్ని కాదనలేం. నీళ్లు పారాలన్నా మంటలు లేవాలన్నా అది చేసే మేలు చిన్నది కాదు. కానీ ఆ వెలుగు నటుడి ముఖాన్ని మింగేస్తుందని కిరీటం చేసేవాళ్లు ఏనాడో చెప్పారు. పైగా ఎల్‌ఈడీ మంచం కింద గిరీశం దూరలేడు. నటుడు పట్టుకునేది, కూర్చునేది, పగలగొట్టేది ఎవరో ఒకరు చేతులతో చేయాల్సిందే. ఆ చేతులు ఇప్పుడు ముసలివయ్యాయి. వజ్రం కాచి తెర రాయగలవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే కనిపిస్తున్నారు. వాళ్లకు తెలిసినదాంట్లో పుస్తకాల్లోకి ఎక్కింది తక్కువ. విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖల్లో చదివే పిల్లలు ఒక్క వేసవి ఇలాంటివాళ్ల దగ్గర కూర్చుని రంగు కలిపితే చాలు, కొలతలు రాసుకుంటే చాలు. బడి వార్షికోత్సవానికి కిరీటాలు అద్దెకు తెచ్చే బదులు పిల్లల చేత అట్ట కోయించినా ఈ విద్య ఇంకో తరం బతుకుతుంది.

పరిషత్తుల్లో ఉత్తమ రంగాలంకరణకూ బహుమతి ఉంది. దాన్ని ప్రకటించేసరికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. ఈసారి మీ ఊళ్లో నాటకం ఆడితే అయిదు నిమిషాలు ఆగండి. వెనక్కి వెళ్లి గద అడగండి, ఇస్తారు. ఒంటిచేత్తో ఎత్తి చూడండి. మీ చేతికిచ్చినవాడి పేరు కనుక్కుని మరీ ఇంటికి వెళ్లండి.