మాట పలికించే పనితనం

బడికెళ్లే వయసొచ్చినా కాకిని 'తాతి' అనే పిల్లవాడికి, రాజన్న సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో కావలసింది వారం వారం పక్కన కూర్చునే మనిషి. అద్దం ముందు కూర్చోబెట్టి, పుల్లతో నాలుక కొనను మెల్లగా కింద ఆపి, వెనక భాగం అంగిలికి తగిలేలా చేసి 'క' పలికించాలి. ఒకసారి వస్తే చాలదు. అక్షరంలో, మాటలో, చివరికి ముచ్చట్లలో నిలవాలి. ఆ ఓపికే ఈ పనిలోని విద్య. భారత పునరావాస మండలి గుర్తించిన డీహెచ్‌ఎల్‌ఎస్, అంటే వినికిడి, భాష, వాక్కులో ఏడాది డిప్లొమా, నేర్పేది దీన్నే. 1965లో మైసూరులో మొదలైన ఆయిష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ) ఈ చదువును ఇతర రాష్ట్రాల కేంద్రాలకూ చేర్చింది.

ఏడాది చదువుతో లోపం తేల్చగలరా అని అడగొచ్చు. తేల్చరు, తేల్చకూడదు కూడా. పరీక్షించి పద్ధతి నిర్ణయించేది స్పీచ్ పాథాలజిస్టు. దాన్ని నడిపి, మార్పు రాసిపెట్టి, అనుమానమొస్తే తిరిగి చూపించేది ఈ డిప్లొమా చేసిన సహాయకులు. అమ్మ చాలదా అంటే, ఇంట్లో ఎలా చేయించాలో అమ్మకు నేర్పేదీ వీళ్లే. పైగా 'ఏడికి' అనడం యాస, లోపం కాదని స్థానికులైన సహాయకులకు వేరే చెప్పక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బళ్లలో వినికిడి, మాట లోపాలను పట్టుకుంటోంది. పట్టుకున్నాక పలికించేవాళ్లు మండలంలో లేకపోతే ఆ పరీక్షకు ఫలం సగమే. అందుకే శిక్షణలో సీట్లు ముందుగా ఇలాంటి మండలాల యువతకు దక్కాలి.