భయపెట్టబోయి నవ్వులపాలైన చిత్రము

గంజాయి పొగవలని కీడును తల్లిదండ్రులకు తెలుపుటకై 1936లో అమెరికాలో ఒక చలనచిత్రము నిర్మింపబడినది. ‘రీఫర్ మ్యాడ్‌నెస్’ అను పేరుతో అది ప్రసిద్ధి కెక్కినది. అందులో గంజాయి త్రాగిన విద్యార్థులు వెర్రిగా నవ్వుదురు, కారుతో మనిషిని గుద్దుదురు. ఒక బాలిక హతురాలగును, ఒకనికి మతి చలించును. ఈ కథను వినిపించునది ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడే!

1972లో గంజాయి చట్టములను సడలింపగోరువారే దీని ప్రతిని కొని కళాశాలలలో చూపసాగిరి. విద్యార్థులు పగలబడి నవ్విరి.

అతిశయోక్తికంటె పెద్దలోపము మరొకటి కలదు. చిత్రములో ఊపిరితిత్తుల ప్రసక్తియే లేదు. 1936 నాటికి పరిశోధన స్వల్పమే; నిజమే. కాని అతిగా త్రాగినచో శ్వాసనాళములకు వాపు కలుగవచ్చునని భారత గంజాయి విచారణ సంఘము 1894లోనే వ్రాసియుండెను. ఏ ఆకు కాల్చినను తారు, కార్బన్ మోనాక్సైడు పుట్టును. గంజాయి త్రాగువారు పొగను లోపల బిగబట్టుదురు; పొగాకు సిగరెట్టుతో పోల్చగా సుమారు మూడురెట్లు తారు లోనికి పోవునని 1988లో ప్రకటితమైన ప్రయోగము తెల్పినది.

అమెరికా జాతీయ అకాడమీల 2017 నాటి సమీక్ష దీర్ఘకాలపు దగ్గునకు, స్కిజోఫ్రీనియా వంటి మనోవ్యాధులకు గంజాయితో సంబంధమును గుర్తించినది. ఊపిరితిత్తుల క్యాన్సరుతో మాత్రము సంబంధము కానరాలేదని అదే సమీక్ష చెప్పుచున్నది. ఈ మాటను దాచిన ఉపాధ్యాయుడు తక్కిన మాటలకును విలువ పోగొట్టుకొనును.

ఇక వ్యసనము. కౌమారమున మొదలిడినవారిలో సుమారు ఆరుగురిలో ఒకరు దానికి బానిసలగుదురని అంచనా. చిత్రములో ఆ గదిలో అడుగిడిన వారందరును చెడిపోవుదురు.