ఇందిర మీద పంచాయితీ

ఆదివారం పొద్దూకి, పక్కిళ్ల మగ్గాల చప్పుడు అణగినాక మా అరుగు మీద పుస్తకం తెరుస్తాం. వచ్చేది పది పన్నెండు మంది, టెన్త్, ఇంటర్ పిల్లలు. పుస్తకం ఒక్కటే కాబట్టి ఒకరు చదవాలి, మిగతావాళ్లు వినాలి. ఒకమ్మాయి కండెలు చుట్టుకుంటూనే వింటుంది. మొదట్లో నాకది నచ్చలేదు. చేతికి పనున్నవాళ్లే బాగా వింటారని తర్వాత తెలిసింది.

గుమ్మంలో తల్లులు కూడా కూర్చుంటారు. ఆసు యంత్రం రాకముందు వాళ్లకీ సాయంత్రాలు లేవు. ఒక్క చీరకు నూలు ఆసు పోయాలంటే వేలసార్లు చెయ్యి ఆడించాల్సి వచ్చేది. ఆలేరు పక్క శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక చేసిన యంత్రమది. ఆయన మీద 2019లో సినిమా వచ్చింది. 'సినిమా చూస్తే అయిపాయె కద సార్, పుస్తకమెందుకు?' అని అడిగినవాడు ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు.

ఏ నవల చదవాలన్నదే అసలు చిక్కు. తెలుగులో ఈ వయసువాళ్లకని విడిగా అర ఉన్నట్టే ఉండదు. నా తరం చందమామ మూసి సరాసరి యండమూరిని తెరిచింది. పెద్దల కోసం రాసినవాటిలోంచే ఏరుకోవాలి.

నా మొదటి ఎంపిక తప్పింది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' పెట్టాను. మన నల్గొండ మనిషి, నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టినవాడు అన్న గర్వం. పిల్లలు మర్యాదగా విన్నారు. ఆ మర్యాద చూస్తేనే నాకు భయమేసింది. అందులో నాయకుడు కంఠీరవం మంచివాడు, అతని పక్షాన ఉండాలని మొదటి నుంచే తెలుస్తుంది. ఇక పదిహేనేళ్లవాళ్లు కొట్లాడుకోవడానికి ఏం మిగిలింది?

తర్వాత డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' తెచ్చాను. 1957లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిన నవల. రాసినావిడ 1961లో, ముప్పై రెండేళ్లయినా నిండకుండా పోయింది. అందులో ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని సాకుతుంది, తనకేం కావాలో మొహమాటం లేకుండా అంటుంది.

'గట్ల ఉంటే ఎవలు మంచిదంటరు సార్?' అన్నాడొక పిల్లగాడు.

కండెల పిల్ల చెయ్యి ఆగింది. 'ఇల్లు నడిపేది ఆమెనే కద. ఆమెకు మాత్రం ఇష్టం ఉండొద్దా?'

'ఇష్టముంటది బిడ్డా, నోరు మూసుకొని ఉంటది' అంది గుమ్మంలోంచి ఒక తల్లి. మెచ్చుకుందో, తిట్టిందో ఎవరికీ అర్థం కాలేదు. ఆ రోజు పేజీ తిరగలేదు. అదే నవలలోని ప్రకాశం పిరికితనం మీద మరో వారం నడిచింది. 'ఇంట్ల పెద్దోళ్లకు ఎదురు చెప్పుడు అంత అల్కనా?' అని ఒకడు మెల్లగా అన్నప్పుడు నవ్వినవాళ్లు లేరు. శ్రీదేవి ఇందిరకు శిక్ష వెయ్యలేదు, కిరీటమూ పెట్టలేదు. నేనిప్పుడు నవలలో వెతికేది అదే.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' చదివినప్పుడు వాళ్లను పట్టింది కథ కన్నా మాట. 'మన మాట అచ్చుల ఉంటదా సార్' అని పేజీ వేలితో తడిమి చూశారు. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు'లో సుందరం అక్షరాభ్యాసం నుంచి పెరుగుతాడు. మంచి నవలే, నడక నిదానం, సగంలో ఆపేశాం. మద్దిపట్ల సూరి తెలుగు చేసిన 'పథేర్ పాంచాలి'లో దుర్గ పోయినచోట ఎవరూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడించలేదు. ఉస్మానియా విద్యార్థి రవి ఒక్కరోజు కథ 'అంపశయ్య' డిగ్రీకి వచ్చినాక చదువుదాం అన్నాను. అన్నందుకే ఇద్దరు దొంగతనంగా చదివేశారు.

మొన్న మాటల్లో ఆళ్వారుస్వామి సంగతి మళ్లీ వచ్చింది. చిన్నప్పుడు ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసి పెడుతూ చదువు నేర్చాడని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మాడని చెప్పాను. ఈసారి మర్యాద లేదు, మీద పడ్డారు. సారు కొట్టేవాడా? కూర మాడితే ఏమయ్యేది?

'గది రాయక కంఠీరవం కథ ఎందుకు రాసిండు సార్?' అంది కండెల పిల్ల.