సంఖ్యయు నామమును: వేలూరి యుద్ధస్మారక ఫలకముపై ఒక విమర్శ

యుద్ధమున మడిసినవారికై నిలిపిన శిలను కావ్యమునువలెనే పరీక్షింపవచ్చును. అది ఎవరిని గూర్చి చెప్పుచున్నది, చెప్పువారెవరు, చెప్పక విడిచినదేమి అను మూడు ప్రశ్నలు అందుకు చాలును. తమిళనాట వేలూరి గడియార స్తంభముపైనున్న ఫలకమును ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఆంగ్లమున చెక్కిన ఆ ఫలకపు సారాంశమిది: ఈ గ్రామమునుండి 277 మంది 1914-19 మహాయుద్ధమునకు వెళ్లిరి, వారిలో 14 మంది ప్రాణములర్పించిరి. వారి పేర్లు లేవు. వారు ఏ పటాలమున చేరిరో, ఏ దేశమున కూలిరో తెలియదు. తిరిగివచ్చిన వారిలో అంగహీనులైనవారెందరో ఆ లెక్కలో లేదు.

ఇందు మొదట పరీక్షింపదగినది ‘గ్రామము’ అను పదము. విజయనగర ప్రభువులైన అరవీటివారికి రాజధానియై, 1911 నుండి ఉత్తరార్కాటు జిల్లాకు కేంద్రమై యున్న కోటపట్టణమును గ్రామమనుట ఎట్లు పొసగును? ఇది శిల్పి పొరపాటు కాదు. ఇదే వాక్యము భారతదేశమున అనేక గ్రామములందలి ఫలకములపై కానవచ్చును. ఊరిపేరును, రెండు అంకెలును మాత్రమే మారుచుండును. అనగా ఈ వాక్యమును పలికినది వేలూరు కాదు, ప్రభుత్వము. వేలూరు ఖాళీలను పూరించినదంతే. ఈ ఫలకము శోకవాక్యము కాదు; ముట్టిన సరకునకు ఇచ్చిన రసీదు.

ఇచ్చటి తెలుగువారికి ఈ లోపము మరింత బాధాకరము. వేలూరికోటకు చిన్నబొమ్మినాయకుని పేరు చిరకాలముగా ముడివడియున్నది. 1911లో చిత్తూరు జిల్లా వేరగునంతవరకు ఇరుప్రాంతములును చాలవరకు ఒకే జిల్లాలోనివి. మహాయుద్ధము వచ్చునప్పటికి ఆ విభజన జరిగి మూడేండ్లు మాత్రమే. ఆ పదునలుగురిలో తెలుగువారెందరు, తమిళులెందరు, దక్కనీ మాటలాడు ముస్లిములెందరు? పేరున్నచో శిలయే సమాధానము చెప్పియుండెడిది. మనవారికి పేరునకు ముందు ఇంటిపేరుండును; తమిళులకు తండ్రిపేరు మొదటి యక్షరముగా నిలుచును. మన దేశమున ఒక పేరు చదివినచో మతము, భాష, ఒక్కొక్కచో వంశము గూడ తెలియును. ‘14’ అను అంకెకు ఇంటిపేరు లేదు.

ఈ ప్రాంతమునకు వీరస్మారకము క్రొత్త గాదు. వేలూరికి నైరుతిదిశనున్న చెంగము ప్రాంతపు నడుకల్లులు పశువులమందలను కాపాడుచు పడిపోయిన సామాన్యులను సైతము పేరుపెట్టి చెప్పుచున్నవి. ఇప్పుడు బెంగుళూరు ప్రదర్శనశాలలో నున్న బేగూరు వీరగల్లు, క్రీ.శ. 890 ప్రాంతమున గాంగరాజగు ఎరెయప్పకొరకు పోరి మడిసిన నాగత్తరుని పేరును, అతని మరణానంతరము ఇరుగుడను వానికి ఒసగిన గ్రామములను పేర్కొనుచున్నది. మృతవీరుని కుటుంబమునకు భూమినిచ్చు ఆచారమును కన్నడిగులు నెత్తరు కొడగె యనియు, తమిళులు ఉదిరప్పట్టి యనియు అనిరి. రెండింటియందును నెత్తురను మాటయే ముందున్నది. ఎవరి నెత్తురో తెలిసిననే గదా ఆ భూమి ఎవరికి చెందవలెనో తేలును?

ప్రాచీనమంతయు శ్రేష్ఠమని నా వాదము కాదు. బేగూరు శిలపై నాయకునితోపాటు పోరినవారు చెక్కబడిరేగాని పేరులకు నోచుకొనలేదు. అయినను వారు మానవాకృతితోనైన నిలిచిరి.

అంకె యందరిని సమముగా చూచును, అధికారి యనియు బంటు అనియు భేదమెంచదు గదా యని కొందరు సమర్థింపవచ్చును. వేలూరి ఫలకమును మాత్రమే చూచినచో ఈ మాట నిజమని తోచును. కాని అదే సామ్రాజ్యము 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకమున ఆంగ్ల సైనికులు, అధికారులు, సామాన్యులు అను భేదము లేక పేరుపేరున చెక్కబడిరి. భారతీయులలో అధికారులకే పేర్లు దక్కినవి. ముప్పదివేలకు పైబడిన సామాన్య సిపాయీలు పటాలమువారీ సంఖ్యలుగా మిగిలిరి. ఫ్రాన్సున నెవ్ షపెల్ స్మారకమున 1927 నాటికే నాలుగువేల ఏడువందలకు పైగా భారతీయుల పేర్లు చెక్కబడినవి. కావున పేర్లు చెక్కుట అసాధ్యమై మానినది కాదు. చోటునుబట్టి, మనిషినిబట్టి మానినది. ఈ అసమానతను కామన్వెల్త్ యుద్ధసమాధుల సంఘము నియమించిన సమితియే 2021లో అంగీకరించినది.

అట్లని వేలూరి ఫలకమును తొలగింపుడని కోరను. అది ఆ కాలపు మనస్తత్వమునకు సాక్ష్యము; సాక్ష్యమును చెరుపరాదు. దాని ప్రక్కనే మరియొక శిల యుండవలెను. ఆ సంఘపు పట్టికలలో అనేక భారతీయ సైనికుల పేరుప్రక్క తండ్రిపేరు, ఊరు, తాలూకా గూడ కలవు. ఆ పట్టికలను ఊరి వృద్ధుల నోటిమాటతోను, ఇండ్లలో దాచిన పతకములతోను సరిచూచుట ప్రవాసాంధ్ర సంఘములకు తగిన పరిశోధనకార్యము. దొరికిన పేరును దొరికినట్లు, ఎవరి భాషలో వారికి, తెలుగున, తమిళమున, ఉర్దూన చెక్కవలెను. పదునాలుగింటిలో నాలుగే దొరికినను నాలుగే చెక్కి, తక్కినవారికి చోటు విడువవలెను. ఆ ఖాళీచోటు సహితము ‘14’ అను అంకెకంటె నిజము చెప్పును.