‘లీకు’ అను పదము: ఒక పరిశీలన

సండూరు కొండలలో ఇనుప ఖనిజము త్రవ్వువారు రెండు విధముల తప్పు చేయవచ్చును. త్రవ్విన నేలను మరల బాగుచేయక విడిచిపోవుట యొకటి. ఖనిజమును అనుమతిపత్రము లేక చేయి దాటించుట రెండవది. 2011లో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లా గనుల పనిని నిలిపివేసినది. 2013 తీర్పులో నేల పునరుద్ధరణమును షరతుగా విధించినది. ఈ రెండు తప్పులను ఒకటిగా భావించువారు ఈ ప్రాంతమున లేరు. కంప్యూటరు శాస్త్రమున మాత్రము ఇట్టి రెండు దోషములకును ‘లీకు’ అను ఒక్క పేరే వాడుకలో నున్నది. ఈ వాడుక విమర్శింపదగినది.

మొదటి దోషమును చూతము. ప్రోగ్రాము తన పనికై వ్యవస్థనుండి మెమొరీని తీసికొనును. పని ముగిసినంతనే తిరిగి యీయవలెను. సీ భాషలో ఈ భారము ప్రోగ్రాము వ్రాసినవానిదే. 1992లో లండను ఆంబులెన్సు సేవలో, బండిని పంపిన ప్రతిసారియు కొంచెము మెమొరీ తీసికొనబడి తిరిగి యీయబడలేదు. సుమారు మూడు వారములలో నిలువ యంతయు తరిగి, నవంబరు 4న వ్యవస్థ స్తంభించెను. దుర్బుద్ధి గలవాడు ఇట్టి లోపము నెరిగినచో, అదే కోరికను వేలసార్లు పంపి సేవను నిలిపివేయగలడు. ఇచ్చట వెలుపలికి కారిపోయినది ఏమియు లేదు. తీసికొన్న అప్పు తీర్చకుండుటయే దోషము.

రెండవది వేరు. యూనిక్స్ వంటి వ్యవస్థలలో తెరచిన ప్రతి ఫైలునకును ఒక సంఖ్య యుండును. ఒక ప్రోగ్రాము వేరొక ప్రోగ్రామును పుట్టించినప్పుడు, వారింపనిచో ఆ సంఖ్యలు దానికి వారసత్వముగా సంక్రమించును. తల్లికి గల అధికారము పిల్లకు లేకపోవచ్చును. అయినను ఫైలు ముందే తెరువబడియున్నందున అనుమతి మరల అడుగబడదు. కంటైనర్లను నడుపు ‘రన్‌సీ’ అను సాధనమున ఇట్టి సంఖ్య యొకటి మూయబడక లోనికి పోవుటచే, లోపలి ప్రోగ్రాము వెలుపలి యంత్రపు ఫైళ్ళను చేరగల మార్గ మేర్పడినట్లు 2024 జనవరిలో వెల్లడియయ్యెను. 1.1.12 సంచికలో దానిని సరిదిద్దిరి.

పేరొకటే యగుటచే మందు నొకటే యని తలచుట ప్రమాదము. వాడుక ముగిసిన మెమొరీని తానే ఏరుకొను ఏర్పాటు లిస్పు భాషకాలమునుండి కలదు. అది మొదటి దోషమును చాలవరకు తగ్గించును, రెండవదానికి చాలదు. దానికి, ఫైలు తెరచునప్పుడే ‘ఇది వారసత్వముగా పోరాదు’ అని గురుతు పెట్టవలెను. లినక్స్‌లో 2007 నుండి ఈ రెండు పనులను ఒక్కమారే చేయు వీలు కలిగినది. 2014లో వచ్చిన పైథాన్ 3.4 అట్టి గురుతును సహజనియమముగా చేసికొన్నది.

కావున మొదటిదానిని ‘విడువని వనరు’ అనియు, రెండవదానిని ‘చేయిదాటిన వనరు’ అనియు మనము వ్యవహరించుట మేలు. పేరు వేరైనచో పరీక్షయు వేరగును. తీసికొన్నది తిరిగి యిచ్చితిమా, ఈయరానివారికి ఇచ్చితిమా యను రెండు ప్రశ్నలను విడివిడిగా అడుగవలెనని మన విద్యార్థులకు తెలియును.